బెస్ట్ ఔట్‌గోయింగ్

మా అమ్మాయికి కాలేజీలో బహుమతి వచ్చిందని ఉగాదికి ముందు నేను కనీసం పదిహేను ఇళ్ళకి ఫోన్ చేసి చెప్పాను. ఎదురింటి వాళ్ళకీ పక్కింటి వాళ్ళకీ సున్నుండలు పంచాను. వాచ్‌మన్ భార్యకి రెండు ఎక్కువే ఇచ్చాను. ఇంత హడావుడీ చేసిన మనిషికి, ఆ బహుమతి దేనికిచ్చారో మాత్రం తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. అదీ అసలు తమాషా.

ఆ రోజు అది చేసిన మెసేజ్ ఒక్క ముక్కే. "అమ్మా, బెస్ట్ ఔట్‌గోయింగ్ స్టూడెంట్ ఇచ్చారు." దాని మెసేజ్‌లు అలాగే ఉంటాయి. పూర్వం టెలిగ్రాములిచ్చేవాళ్ళకి మాటకింత అని లెక్క కాబట్టి పొదుపుగా రాసేవాళ్ళు. దీనికి ఏ లెక్కా లేకపోయినా పొదుపే. నేను ఆ మెసేజ్ మూడుసార్లు చదువుకున్నాను. ఔట్‌గోయింగ్! మా పిల్ల! ఇంటికి చుట్టాలొస్తే తలుపు చాటున నిలబడే పిల్ల, పెళ్ళిళ్ళలో నా చీర కొంగు పట్టుకుని వదలని పిల్ల, కాలేజీ మొత్తంలో అందరితోనూ కలుపుగోలుగా ఉండే అమ్మాయని బహుమతి తెచ్చుకుందా! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. పీజీ చదువుకి హాస్టల్లో పడేసినందుకు ఎంత మేలు జరిగిందో అనుకున్నాను.

మా ఆడపడుచుకి చెప్తే ఆవిడా ఆశ్చర్యపోయింది. "నిజమా వదినా! మన పిల్లేనా?" అంది. "మరేమనుకున్నావ్?" అన్నాను గర్వంగా.

నాకు ఆ మాటతో పరిచయం చాలా పాతది లెండి. మావారు మొదటి సెల్‌ఫోన్ కొన్నది 2003లో. అంతకుముందు మన ఫోన్‌కి వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టాలి. ఆ ఏడాదే ఇన్‌కమింగ్ ఉచితమైంది. కార్డులో డబ్బులయిపోతే "ఔట్‌గోయింగ్ ఆగిపోయింది, ఇన్‌కమింగ్ వస్తుంది" అనేవారు. మేం మిస్డ్ కాల్ ఇచ్చి అవతలివాళ్ళ చేత చేయించుకునేవాళ్ళం. ఒక రింగైతే క్షేమం, రెండు రింగులైతే తిరిగి చెయ్యమని. కాబట్టి ఔట్‌గోయింగ్ అంటే ఖరీదైన వస్తువని నా మనసులో పడిపోయింది.

తర్వాత ఆ మాట పెళ్ళి సంబంధాల కాగితాల్లో కనబడడం మొదలెట్టింది. మా బంధువుల పిల్లల బయోడేటాలు ఎన్ని నా చేతుల మీదుగా వెళ్ళాయో! ఎత్తు, రంగు, నక్షత్రం, గోత్రం అయ్యాక "ఔట్‌గోయింగ్ అండ్ ఫ్రెండ్లీ నేచర్" అని ఒక వరస ఉంటుంది. దాని పక్కనే, మళ్ళీ ఎక్కడ ఎక్కువైపోతుందోనని, "హోమ్లీ" అని ఇంకో మాట. బయటికెళ్ళే పిల్లే గానీ ఇంటిపట్టునుండే పిల్ల అన్నమాట. ఈ హోమ్లీ అనే మాటని అమెరికా వాళ్ళు అంతగా అందంగా లేని మనిషి గురించి వాడతారట. మా అమ్మాయే చెప్పింది ఓసారి, ఎవరిదో బయోడేటా చూసి పడీ పడీ నవ్వుతూ. ఎన్ని ఫోటోల కింద మనమే స్వయంగా అలా రాసి పంపించామో పాపం!

మగపిల్లాడు ఔట్‌గోయింగ్ అంటే మారు మాట్లాడరు. ఆడపిల్ల అయితే కొలత ఉంటుంది. మరీ తక్కువైతే "ముభావం", "గుంభన". కొంచెం ఎక్కువైతే "ఫార్వర్డ్". మనవాళ్ళు ఫార్వర్డ్ అన్నప్పుడు ఆ గొంతులో విరుపు మీరూ వినే ఉంటారు. ఈ రెంటికీ మధ్య ఒక సన్నని గట్టు ఉంటుంది. ఆ గట్టు మీద పడకుండా నడిచిన పిల్లని కలుపుగోలు పిల్ల అంటారు.

నా పెళ్ళిచూపులప్పుడు మా నాన్నగారు చెప్పింది అదే. "మా అమ్మాయి కలుపుగోలు మనిషండీ, ఎవరినైనా ఇట్టే కలుపుకుపోతుంది." నేను బి.ఏ. తెలుగు చదివానని చెప్తే అటువైపు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ ఈ మాటకి మాత్రం తలలూపారు. తర్వాత అర్థమైంది ఎందుకో. కలుపుగోలులో గోలు ఏమిటో ఇన్నేళ్ళయినా నేను తేల్చుకోలేదు గానీ, కలపడం మాత్రం బాగా వచ్చింది. పొద్దున్నే వచ్చినవాళ్ళకి కాఫీ కలపడం, మధ్యాహ్నం వచ్చినవాళ్ళకి పిండి కలపడం, మాటలు పడని ఇద్దరు తోటికోడళ్ళని మాటల్తో కలపడం. నిజం చెప్పొద్దూ, పెళ్ళినాటికి నేనూ బిడియస్తురాలినే. నేర్చుకున్నాను. నేర్చుకోక తప్పలేదు. అందుకేనేమో, మా పిల్ల నేర్చుకోవడం లేదంటే నాకు అంత కోపం వచ్చేది.

సరే, ఉగాదికి అందరం అత్తయ్యగారి ఊరు వెళ్ళాం. తెనాలి దగ్గర పల్లెటూరు. అత్తయ్యగారి గురించి చెప్పాలంటే ఇది చాలదు. ఉప్పు అమ్మేవాడు రెండేళ్ళ తర్వాత వచ్చినా వాడి కూతురి కాన్పు సంగతి అడిగే మనిషి. ఆ వీధిలో ఆవిడ అరుగు మీద కూర్చుంటే తాలూకాఫీసు తెరిచినట్టే. నోట్లో నువ్వుగింజ నానదు. అలాగని ఒకరి మాట ఒకరికి చేరవేయడమూ లేదు. ఎనభైకి దగ్గర పడుతున్నా ఆవిడ చూసిన ఊళ్ళు తెనాలి, గుంటూరు, తిరుపతి. మా ఇంటికి విజయవాడ రమ్మంటేనే మూడోరోజు గేదె గుర్తొస్తుంది.

పచ్చడి తిన్నాక వంటింట్లో కింద కూర్చుని గోరుచిక్కుళ్ళు ఒలుస్తున్నాం. మా ఆడపడుచు మా అమ్మాయి జడ లాగి, "ఏమే, ఇప్పుడు తెగ మాట్లాడేస్తున్నావటగా! కాలేజీలో బహుమతి కూడా ఇచ్చారటగా అందరితో కలిసిపోతావని! మరి మాతో మాట్లాడవేం?" అంది.

మా అమ్మాయి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నా వైపు చూసింది.

"అమ్మా, బెస్ట్ ఔట్‌గోయింగ్ స్టూడెంట్ అంటే ఏమనుకున్నావు?"

"అదే... అందరితో బాగా..."

"ఔట్‌గోయింగ్ అంటే ఈ ఏడు చదువైపోయి బయటికి వెళ్ళిపోతున్న బ్యాచ్ అమ్మా. వెళ్ళిపోయేవాళ్ళందరిలోకీ మొదటిది అని ఇచ్చారు. మార్కులకి, ప్రాజెక్టుకి."

ఒక్క క్షణం ఎవరం మాట్లాడలేదు. తర్వాత మా ఆడపడుచు పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. అత్తయ్యగారికి విషయం సగం అర్థమై, సగం కాక, మేం నవ్వుతున్నాం కదా అని తనూ నవ్వారు. పిల్ల కూడా నవ్వింది అప్పటికి.

నిజానికి తప్పు పూర్తిగా నాది కూడా కాదు. ఇంగ్లీషు వాడు ఆ పని చేసి పెట్టాడు. నలుగురితో కలిసే మనిషికీ, నలుగురినీ వదిలి వెళ్ళే మనిషికీ ఒకటే విశేషణం ఏమిటండీ! మా లెక్చరరు గారు చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్తూ విశేషణం, విశేష్యం అని మా చేత వల్లె వేయించిన రోజులు గుర్తొచ్చాయి. తెలుగులో అయితే ఇలాంటి ఇబ్బంది రాదు. వెళ్ళే మనిషి, వెళ్తున్న మనిషి, వెళ్ళిన మనిషి... క్రియలోంచి పుట్టిన విశేషణం కాబట్టి ఎప్పుడు వెళ్ళేదీ దాన్లోనే తెలిసిపోతుంది. కలుపుగోలు మనిషికీ దానికీ చుట్టరికమే లేదు. ఒకటి కలపడం, ఒకటి వదలడం.

ఆ మాట నేనంటే, మా అమ్మాయి, ఆశ్చర్యంగా, మాటల్లో పడింది. దానికి మాటలు రావని కాదు, మాటల గురించి అయితే వస్తాయి. "ఇంకోటి చెప్పనా? రిటైరింగ్ అంటే ఉద్యోగం నుంచి దిగిపోయే మనిషి కదా. బిడియంగా, నలుగురిలోకి రాకుండా ఉండే మనిషిని కూడా రిటైరింగ్ అనే అంటారు" అంది. "అంటే చూడు నాన్నమ్మా, నువ్వు ఔట్‌గోయింగ్. ఎక్కడికీ వెళ్ళవు. తాతయ్య రిటైరింగ్. రిటైరవ్వక ముందు నుంచీ."

అత్తయ్యగారికి ఇది బాగా నచ్చింది. మామయ్యగారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి 2004లో రిటైరయ్యారు. అప్పటికి యాభై ఎనిమిదే కదా రిటైర్మెంటు వయసు. ఆ సభకి నేను రెండేళ్ళ పిల్లనెత్తుకుని వెళ్ళాను. ప్రతి ఒక్కరూ మైకు ముందుకొచ్చి "అవర్ రిటైరింగ్ హెడ్మాస్టర్" అని మొదలుపెట్టడమే. ఆయన మాత్రం మెడలో పూలదండల బరువుకి తల వంచుకుని కూర్చున్నారు. చివర్లో మాట్లాడమంటే లేచి "అందరికీ నమస్కారం. నేను చెప్పాల్సిందంతా క్లాసులో చెప్పేశాను" అని కూర్చున్నారు. అంతే. ముప్పై మూడేళ్ళ ఉద్యోగానికి రెండు వాక్యాలు! ఇంగ్లీషులో ఆ మాటకి ఈ రెండో అర్థం కూడా ఉందని ఆ రోజు తెలిసుంటే, వాళ్ళు ఆయన్ని సరిగ్గానే పిలుస్తున్నారని అనుకునేదాన్ని.

"మీ తాతయ్యతో నలభై ఏళ్ళ పైన కాపురం చేశాను. మాట్లాడనివాళ్ళు నాకు కొత్తా?" అన్నారు అత్తయ్యగారు. "ఆయన మాట్లాడరనే నేను మాట్లాడ్డం మొదలెట్టాను. ఇంట్లో ఎవరో ఒకరి గొంతు వినబడాలి కదమ్మా."

గోరుచిక్కుళ్ళ ఒలుపు అయిపోయింది. ఇక్కడితో ఆగితే ఇది నవ్వుకునే కథే.

రాత్రి మేడ మీద పక్కలు వేసుకున్నాం. పక్కన మా అమ్మాయి. నిద్రపోయిందనుకున్నాను. చీకట్లో అడిగింది.

"అమ్మా, నాకు పదో తరగతిలో మండలంలో మొదటి ర్యాంకొచ్చింది కదా. అప్పుడు ఎన్ని ఇళ్ళకి ఫోన్ చేశావు?"

నేను మాట్లాడలేదు.

"ఇంటర్‌లో?"

అప్పుడూ మాట్లాడలేదు. గుర్తు తెచ్చుకుంటే, అమ్మకి చేశాను, ఆడపడుచుకి చేశాను. అంతే.

"సున్నుండలు పంచింది దీనికే" అంది. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. "నేను నేను కాకుండా పోయాననుకుని."

తర్వాత అటు తిరిగి పడుకుంది. పక్కింటి పెరట్లో ఆవు మెడలో గంట చాలాసేపు వినబడుతూనే ఉంది.

ఇరవై మూడేళ్ళుగా నేను ఆ పిల్లని ఎవరికి పరిచయం చేసినా ముందు ఒక క్షమాపణ చెప్పేదాన్ని. "మా అమ్మాయండీ. ఎవరితోనూ అంతగా కలవదు, ఏమీ అనుకోకండి." అది పక్కనే ఉండేది. చిన్నప్పుడు నా కొంగు వెనక, పెద్దయ్యాక ఒక అడుగు దూరంలో. ఆ మాట వినబడడం లేదని నేనెలా అనుకున్నానో నాకే తెలియదు. ఇంట్లో అయితే ఇంకా ముద్దుపేర్లుండేవి. మూగమొద్దు. మునీశ్వరురాలు. ఇంకా మన ఇంగ్లీషు తెలుగులో "రిజర్వుడు టైపు", రైలు పెట్టె సంగతి చెప్తున్నట్టు. ఓసారి పెళ్ళిలో, దానికి ఏడేళ్ళుంటాయేమో, "ఆ అత్తయ్యకి పాట పాడి వినిపించు" అని అందరి ముందూ నిలబెట్టాను. పాడలేదు. అయిదు నిమిషాలు అలా నిలబడింది, నేల మీద ముగ్గు చుక్కలు లెక్కపెడుతూ. "దీనికి మా పోలిక రాలేదండీ" అన్నాను నవ్వుతూ. నేను నవ్వాను కాబట్టి అందరూ నవ్వారు.

నాకు భయముండేది. అది కూడా చెప్పాలి. నలుగురితో మాట కలపని ఆడపిల్ల రేపు కష్టమొస్తే ఎవరితో చెప్పుకుంటుంది? కొత్త ఇంట్లో నాలుగు గోడల మధ్య ఏం జరిగినా ఇలాగే నేల చూస్తూ నిలబడుతుందా? పేపర్లలో ఒక్కో వార్త చదివినప్పుడల్లా మా పిల్ల మౌనమే గుర్తొచ్చేది. భయమున్నమాట నిజమే గానీ, అంతా భయమే అంటే అది అబద్ధం. సగం పరువు. "పెంపకం" అంటారేమోనని.

ఇంటర్ మొదటి ఏడాది దాని సైకాలజీ పిచ్చి నాకు ఇంకా జ్ఞాపకం. సైన్సు చదువుతూ లైబ్రరీ నుంచి ఆ పుస్తకాలు తెచ్చుకునేది. యూంగ్ అనే ఆయన 1921లో రాసిన పుస్తకంలో మనుషులని ఎక్స్‌ట్రావర్ట్, ఇంట్రోవర్ట్ అని విడదీశాడని చదివి వినిపించింది. మన తెలుగు పుస్తకాల్లో వీళ్ళని బహిర్ముఖులు, అంతర్ముఖులు అంటారు. "నేను అంతర్ముఖినమ్మా" అంది. నేను పోపు వేస్తూ, "ముందు ఆ ముఖం కడుక్కుని రా, బామ్మగారొచ్చారు, పలకరించు" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ప్రవచనంలో గురువుగారు అంతర్ముఖులవ్వండి అని చెప్తే భక్తిగా తల ఊపి వస్తాం. ఇంట్లో పిల్ల ఆ మాటంటే పోపు మాడుతోందంటాం.

మరి ఆ పిల్ల మౌనం విలువ తెలిసినవాళ్ళే లేరా అంటే, ఉన్నారు. మామయ్యగారు. 2019లో ఆయన ఆఖరి నెల ఆసుపత్రిలో గడిచింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ మాట్లాడేవాళ్ళే. ఏ డాక్టరు మంచివాడో, ఎవరికి ఇలాగే వచ్చి ఎలా తగ్గిందో, ఎవరికి తగ్గలేదో. నేనూ మాట్లాడేదాన్ని, ధైర్యం చెప్తున్నాననుకుని. ఓ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆయన సైగ చేసి దగ్గరికి పిలిచి, "రాత్రికి పాపనుండమనమ్మా" అన్నారు. ఇంటర్ రెండో ఏడు. పరీక్షలున్నాయి. అయినా ఉంది. అలా తొమ్మిది రాత్రులు. పొద్దున్నే నేను ఫ్లాస్కు తీసుకుని వెళ్ళేసరికి అది కుర్చీలో కెమిస్ట్రీ పుస్తకంతో, ఒక చెయ్యి ఆయన చేతి మీద వేసి. ఏం మాట్లాడుకున్నారని ఎప్పుడైనా అడిగితే "ఏమీ లేదు" అనేది. నిజంగానే ఏమీ లేదు. ఆయన అడిగిందే దాన్ని.

నేను మాత్రం అప్పుడు కూడా, వచ్చినవాళ్ళని గది గుమ్మంలోనే ఆపి, "పాప లోపలుంది, మాట్లాడదు, ఏమీ అనుకోకండి" అనే చెప్పేదాన్ని.

మామయ్యగారు పోయాక ఆయన పేరు ముందు ఇంకో విశేషణం చేరింది. ఆఫీసు కాగితాల్లో లేట్. ఆడపడుచు కూతురి శుభలేఖలో కీ.శే. కీర్తిశేషులు అంటే కీర్తి మాత్రం మిగిలినవారు, ఎంత మంచి మాట! బతికుండగా ఒక్కరోజు కూడా బడికి ఆలస్యంగా వెళ్ళని మనిషిని బ్యాంకు ఫారంలో లేట్ అని రాయాల్సి వచ్చినప్పుడు అత్తయ్యగారు "ఆయనెప్పుడు లేటయ్యారమ్మా!" అన్నారు. కౌంటరు అవతల కుర్రాడు కంగారు పడ్డాడు.

వెళ్ళేవాళ్ళ విషయంలో మన భాషకున్న జాగ్రత్త నాకు ఇష్టం. దీపం ఆరిందనం, కొండెక్కింది అంటాం. డబ్బాలో బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయి అంటాం. ఖాళీ డబ్బాని నిండింది అనగలిగిన భాష! పోయిన వారం అంటే ఫరవాలేదు, పోయిన మనిషి అంటే మాత్రం గుండె ఝల్లుమంటుంది. అందుకే గడప దాటేవాళ్ళెవరూ "పోతున్నా" అనకూడదు. "వెళ్తున్నా" అన్నా అత్తయ్యగారు ఒప్పుకోరు. ఆ పండక్కి మేం తిరిగి వస్తుంటే మా అమ్మాయి చెప్పులేసుకుని "వెళ్తున్నా నాన్నమ్మా" అంది. ఆవిడ గేటు గడియ వదల్లేదు. "ఏమనాలి?" అన్నారు. "వెళ్ళొస్తా" అని గొణిగింది ఇది. "గట్టిగా" అన్నారు. "వెళ్ళొస్తా!" అప్పుడు తీశారు గేటు.

దానికి పూనాలో ఉద్యోగం వచ్చింది. పరిశోధన సంస్థలో. రోజంతా సూక్ష్మదర్శిని ముందు, మాట్లాడాల్సిన పని లేని కొలువు. జులైలో వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేముందు వారం నేను చెయ్యాల్సినవన్నీ చేశాను. కందిపొడి, నల్లకారం, గోంగూర, రెండు కేజీల ఆవకాయ. చెప్పాల్సింది ఒక్కటి చెప్పలేకపోయాను. పిల్లలకి మనం ఎన్నో నేర్పుతాం గానీ, వాళ్ళని క్షమించమని అడగడం మనకెవరూ నేర్పలేదు. రెండుసార్లు మొదలుపెట్టాను కూడా. ఓసారి కుక్కరు కూతేసింది. ఇంకోసారి అదే, "ఉగాది సంగతేనా? వదిలెయ్యమ్మా" అంది. వదిలెయ్యమన్న తీరు చూస్తే అది వదిలెయ్యలేదని తెలుస్తూనే ఉంది. బహుమతి షీల్డు మాత్రం హాల్లో మావారు మేకు కొట్టి పెట్టారు. ఎవరైనా వచ్చి అడిగితే మార్కులకిచ్చారని చెప్తున్నాను.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్ విజయవాడకి తెల్లవారుజామున వస్తుంది. ఆ రోజు ఆలస్యం. ప్లాట్‌ఫాం మీద మావారు రెండు సార్లు టీ తాగారు. మా అమ్మాయి పెట్టె మీద కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. పండక్కి కాదు, సెలవులకి కాదు, ఈసారి వెళ్ళేది నిజంగా వెళ్ళడమేనని నాకు తెలుసు, దానికీ తెలుసు. హాస్టలు నుంచి ఫోన్లు నేనే చేసేదాన్ని, అది ఎత్తేది. ఇన్‌కమింగ్ మాత్రమే పనిచేసే ఫోన్ అని మావారు ఏడిపించేవారు. పూనా నుంచి కూడా అంతేనేమో అనుకుంటున్నాను.

బండి వచ్చింది. లోపలికెళ్ళి సామాను సర్దాం. ఎదుటి బెర్తులో ఒకావిడ, నా కంటే పదేళ్ళు పెద్ద ఉంటారు, విశాఖపట్నంలో ఎక్కారట, కూతురి దగ్గరికి సోలాపూర్ వెళ్తున్నారు. నేను ఎక్కిన రెండు నిమిషాల్లో ఇవన్నీ తెలిసిపోయాయంటే చూడండి. మంచి మాటకారి. అరటిపండు కూడా ఇవ్వబోయారు. నాకు ప్రాణం కుదుటపడింది, పిల్లకి దారిలో తోడు దొరికిందని.

"మీ అమ్మాయా? ఎంత దాకా?" అన్నారు.

"అవునండీ, మా అమ్మాయే. పూనా దాకా. కొంచెం..."

నోటిదాకా వచ్చేసింది. ఇరవై మూడేళ్ళ అలవాటు. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తలేదు గానీ, పేజీ తిప్పబోయిన వేలు ఆగింది. నేను చూశాను.

"కొంచెం జరగండి, ఈ సంచీ కింద పెడతాను" అన్నాను.

ఆవిడ జరిగారు. సంచీలో ఆవకాయ జాడీ ఉంది, ఒరగకుండా రెండు దుప్పట్ల మధ్య పెట్టాను. గార్డు ఈల వేశాడు. మావారు కిందనుంచి "దిగు, దిగు" అంటున్నారు. తలుపు దాకా అది నా వెనకే వచ్చింది. నేను దిగాక, బండి కదిలాక, ఏమీ అనలేదు. చెయ్యి కూడా సగమే ఎత్తింది. అప్పుడు గేటు దగ్గర అత్తయ్యగారు గుర్తొచ్చి నేనే గట్టిగా, అంతమందిలో, "ఏమనాలి?" అని అరిచాను.

రైలు చప్పుడులో వినబడలేదు. పెదవులు మాత్రం కదిలాయి.